చంద్రకాంత పువ్వు మెండెల్ మాట వినలేదా?

(బెంగళూరు, మారతహళ్లి. మేడ మీద పూలకుండీలు. సాయంత్రం.)

హాయ్ అండి! వెనకాల వినిపించే గోల ఔటర్ రింగ్ రోడ్డుది, దాన్ని నేనేం చెయ్యలేను.

"మా పాపకి వాళ్ల నాన్న ముక్కు, మేనత్త కోపం వచ్చాయి" అంటుంటాం కదా. కోపం జోలికి నేను పోను. ముక్కు కూడా ఒక్క జన్యువుతో తేలే వ్యవహారం కాదు, అందుకే తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకి ఎలా వస్తాయో తేల్చడానికి మెండెల్ అనే ఆయన బఠాణీలు పట్టుకున్నాడు.

(చేతిలో బఠాణీలు)

బ్రనోలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, మఠంలో ఉండేవాడాయన. గుండ్రటి గింజల మొక్కనీ ముడతల గింజల మొక్కనీ కలిపితే మొదటి తరంలో అన్నీ గుండ్రంగానే వచ్చాయి. వాటిని వాటితోనే ఫలదీకరణ కానిస్తే 5,474 గుండ్రటివి, 1,850 ముడతవి. దాదాపు మూడుకి ఒకటి. ముడత ఎక్కడికీ పోలేదు, దాక్కుందంతే! ఒక్కో జన్యువుకీ అమ్మ నుంచి ఒక ప్రతి (కాపీ), నాన్న నుంచి ఒకటి వస్తాయి, గుండ్రం ప్రతి ఒక్కటున్నా చాలు, ముడత బయటపడదు. 1866లో అచ్చు వేస్తే 1900 దాకా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, పాపం.

(కుండీ దగ్గరికి)

ఇది చంద్రకాంత. ఎరుపునీ తెలుపునీ కలిపితే గులాబీ రంగు పువ్వు వస్తుంది. రెండు రంగులూ పెయింట్‌లా కలిసిపోయాయనుకుంటాం. కానీ ఆ గులాబీ రంగువాటినే మళ్లీ కలపండి, సగటున నాలుగింట్లో ఒకటి ఎరుపు, రెండు గులాబీ, ఒకటి తెలుపు. కలిపేసిన పెయింట్‌లోంచి తెలుపు వెనక్కి రాదు కదా! ఇక్కడ ఎరుపు ప్రతి ఒక్కటే ఉంటే సరిపడా రంగు తయారవదు, అంతే తేడా.

ఇక అసలు టెన్షన్ పెట్టేది బ్లడ్ గ్రూపు. నాన్నది ఏబీ, బిడ్డ రిపోర్టులో ఓ అని వచ్చింది. స్కూల్లో వేసిన పట్టిక ప్రకారం కుదరదు. ఇంట్లో గొడవ మొదలయ్యేలోపు ఇది వినండి. రక్తకణాల మీదుండే ఏ, బీ అనే గుర్తులు హెచ్ అనే పదార్థం మీద తయారవుతాయి. గోడే లేకపోతే మేకు ఎక్కడ కొడతారు? హెచ్ తయారుచేసే జన్యువు రెండు ప్రతులూ చెడిపోతే, లోపల ఏ, బీ జన్యువులున్నా మామూలు పరీక్షలో ఓ అనే కనబడుతుంది. దీన్ని 1952లో ముంబయిలో గుర్తించారు, అందుకే బాంబే గ్రూప్.

ఇదీ మెండెల్ లెక్కే చూడండి: తల్లిదండ్రులిద్దరి దగ్గరా చెడిన ప్రతి ఒక్కొక్కటుంటే, ప్రతి కాన్పులో బిడ్డకి బాంబే గ్రూప్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాల్లో అలాంటి ఇద్దరు జతపడటం ఎక్కువ, మన ఇళ్లలో మేనరికాలు కొత్తా ఏంటి!

బాంబే గ్రూప్ వాళ్లకి మాత్రం 'ఓ' గ్రూపు రక్తం ఎక్కించకూడదు, ఒంటికి పడదు. బాంబే గ్రూప్ రక్తమే వెతకాలి.