ముందు స్టిక్కర్ ఫోటో, తర్వాతే బేరం

అందరికీ నమస్కారం.

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ సరుకుకు కొదవ లేదు. ఉద్యోగం పుణెకో బెంగళూరుకో మారి ఊరు వదిలేవాళ్లు, ఏడాదికోసారి అద్దె ఇల్లు మారేవాళ్లు రోజూ ఏదో ఒకటి అమ్ముతూనే ఉంటారు. ఆ సరుకు దాకా చేరేలోపే మన ఓపిక అయిపోతుంది, అదీ బాధ. "ఉందా అండీ?" అని మెసేజ్ పెడితే రెండు రోజులకు "ఎప్పుడో పోయింది" అని జవాబు. నిజాంపేట అని చూసి బయల్దేరితే ఇల్లు బాచుపల్లి అవతల. "ఓనర్" అని రాసుకున్నాయన తీరా చూస్తే షెడ్డు నిండా వాషింగ్ మెషీన్లు పేర్చుకున్న వ్యాపారి.

ఇలా ఎందుకవుతుందంటే, మామూలు ప్రకటన పెట్టడానికి పెద్దగా ఖర్చు లేదు, అమ్ముడుపోయాక తీసేస్తే వచ్చే లాభమూ లేదు. అందుకే పాతవి అలాగే పడి ఉంటాయి. వ్యాపారైతే కావాలనే ఉంచుతాడు. మంచి ఫ్రిజ్ ఫోటో చూసి ఫోన్ చేసినవాళ్లకు "అది లేదు సార్, ఇంకోటుంది రండి" అనడానికి పనికొస్తుంది కదా. వ్యాపారి దగ్గర కొనడం తప్పేమీ కాదు, ఒకోసారి నెలా రెండు నెలలు గ్యారంటీ కూడా ఇస్తాడు. వ్యాపారి అని ముందే తెలియాలి, అంతే.

మనవాళ్లలో చాలామంది పంపే మొదటి మెసేజ్ "లాస్ట్ ప్రైస్ ఎంత?" వస్తువు ఏ సంవత్సరానిదో తెలియకుండా ధర అడిగి ఏం లాభం? మొదట అడగాల్సింది కంపెనీ స్టిక్కర్ ఫోటో. సాధారణంగా ఫ్రిజ్‌కు లోపలి గోడ మీదో వెనకో, ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌కు తలుపు అంచునో వెనకో, ఏసీకి రెండు యూనిట్ల పక్కనా, ల్యాప్‌టాప్‌కు అడుగున ఉంటుంది. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, చాలావాటికి తయారైన నెలా సంవత్సరమూ దాని మీదే ఉంటాయి. పక్కన ఒక కాగితం మీద ఈ రోజు తేదీ రాసిపెట్టి ఫోటో తీయమనండి. వస్తువు చేతిలో ఉన్నవాడికి అది ఐదు నిమిషాల పని. వస్తువే లేనివాడు, నెట్‌లోంచి ఫోటో దించుకున్నవాడు, "రెండేళ్లే వాడాం" అని 2015 నాటిది అంటగట్టేవాడు ఇక్కడే ఆగిపోతారు. "వచ్చి చూస్కో భయ్యా, సూపర్ కండిషన్" అన్నవాళ్లను వదిలేయండి. పెట్రోలు మిగులుతుంది.

మోడల్ నంబరు తెలిశాక ఈ రోజు షోరూమ్‌లో అలాంటిది ఎంతకు వస్తుందో చూడండి. ఎమ్మార్పీ లెక్కలోకి తీసుకోవద్దు. ఐదేళ్లు దాటిన ఫ్రిజ్‌కు ఈ రోజు కొత్తదాని ధరలో సగం పెట్టడం దండగ అని మా అభిప్రాయం.

ఇప్పుడు ఏసీ సంగతి. ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. ప్రకటనలో "ఫైవ్ స్టార్" (కరెంటు ఆదాకిచ్చే రేటింగ్) అని ఉంటే లేబుల్ మీద ఏ కాలానికి చెందిన రేటింగో చూడండి. 2022 జులైలో కొలమానం మారి, అప్పటిదాకా ఫైవ్ స్టార్ ఉన్న ఏసీలు ఫోర్ స్టార్‌కు దిగాయి. ఇక పరీక్ష. గోడకు బిగించి ఉన్నప్పుడే చూడాలి. పావుగంట నడిపించి, లోపలికి పీల్చే గాలికీ బయటికి వదిలే గాలికీ తేడా కొలవండి. మామూలు డిజిటల్ థర్మామీటర్ చాలు. ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీలు తేడా ఉంటే బాగున్నట్టు. తక్కువుంటే ముందు ఫిల్టర్లు కడిగించి మళ్లీ చూడండి, అప్పటికీ అంతే అయితే గ్యాస్ తగ్గి ఉండొచ్చు. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర రాగి గొట్టాలు కలిసేచోట నట్ల చుట్టూ జిడ్డుగా నూనె మరక ఉందంటే లీకేజీ ఉన్నట్టే. "మొన్ననే గ్యాస్ కొట్టించాం" అని అమ్మేవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. గ్యాస్ దానంతటది అయిపోదు, ఎక్కడో కారితేనే పోతుంది. ఆ మాట వినపడగానే ధర దిగాలి.

విప్పేటప్పుడు పక్కనే నిలబడండి. ఏసీని కూలింగ్‌లో పెట్టి, మెకానిక్ అలెన్ కీతో ముందు సన్న గొట్టం వాల్వు మూయాలి. కంప్రెసర్ గ్యాస్‌ను అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగేసుకుంటుంది, గేజిలో ప్రెషర్ పడిపోతుంది. అప్పుడు లావు గొట్టం వాల్వు మూసి వెంటనే కరెంటు ఆపాలి. దీన్నే పంప్ డౌన్ అంటారు. తొందరలో నేరుగా నట్లు విప్పేస్తే 'బుస్' మని గ్యాసంతా గాలికి పోతుంది, మళ్లీ నింపడానికి రెండు మూడు వేలు అవుతుంది. విప్పడం, బిగించడం, స్టాండు, అదనపు రాగి గొట్టం అన్నీ కలిపితే ఐదారు వేలు దాటడం మామూలే. పది వేల ఏసీ అని మురిసిపోయే ముందు ఈ లెక్క వేసుకోండి. అమ్మేవాళ్లు ముందే విప్పి బాల్కనీలో పెట్టేశారంటే అది పనిచేస్తుందో లేదో తేల్చే దారి లేదు. తుక్కు ధరకొస్తేనే తీసుకోండి.

ల్యాప్‌టాప్‌లలో మన ఊరికి ప్రత్యేకమైన చిక్కొకటుంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీల ఆఫీసు ల్యాప్‌టాప్‌లు అమ్మకానికి రావడం. కంపెనీలు పాతబడ్డవాటిని టోకుగా వదిలించుకుంటాయి, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో బిల్లుతో దొరికే అలాంటివాటితో ఇబ్బంది లేదు. ఉద్యోగం మానేసి తిరిగి ఇవ్వనివి ప్రమాదం. చూడటానికి బాగానే పనిచేస్తుంది, ఫార్మాట్ చేసి నెట్ తగిలించగానే కంపెనీ లాగిన్ అడుగుతుంది. సీరియల్ నంబరు కంపెనీ పేరున నమోదై ఉంటే ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా అది పోదు. అందుకే మీ ఎదుటే రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, సెటప్ పూర్తయ్యేదాకా కూర్చోండి. గంట పట్టినా సరే. తర్వాత రీస్టార్ట్ చేసి, విండోస్ మొదలయ్యేలోపే వచ్చే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్లండి, పాస్‌వర్డ్ అడిగితే వద్దనండి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే చార్జి), ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) రెండూ కనిపిస్తాయి. రెండోది మొదటిదాంట్లో అరవై శాతం కన్నా తక్కువుంటే కొత్త బ్యాటరీ ఖర్చు కలుపుకోవాల్సిందే.

ఫోన్ అయితే *#06# కొట్టి ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, తీసుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. ప్రభుత్వ సైట్ సంచార్ సాథీలోనూ చూడొచ్చు. బ్లాక్ లిస్ట్ అనో డూప్లికేట్ అనో వస్తే ముట్టుకోవద్దు. అలాంటిదేమీ రాలేదంటే దొంగది కాదని అర్థం కాదు, పోగొట్టుకున్నవాళ్లు ఇంకా ఫిర్యాదు చేసి ఉండకపోవచ్చు. బిల్లు, అమ్మినతని గుర్తింపు కార్డు కాపీ దగ్గరుంచుకోండి. దొంగ సొత్తని తెలిసీ, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండీ దగ్గర పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఐఫోన్ అయితే దాన్ని పాత ఓనర్ ఖాతాకు కట్టేసి ఉంచే "ఫైండ్ మై" ఆపించాకే డబ్బు.

బైకులకు నంబరు ప్లేటే సగం వయసు చెప్పేస్తుంది. మన దగ్గర రిజిస్టరై ఏపీ 09 అని ఉంటే 2014 జూన్‌కు ముందుది. టీఎస్ అయితే ఆ తర్వాతది. టీజీ అయితే 2024 మార్చి తర్వాతది. పదిహేనేళ్లు నిండినదైతే ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో చూడండి. చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. ఫైనాన్స్ తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటే దాన్ని తీయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ కావాలి. బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు మీ ముందే పెట్టించుకోండి. బాకీ చలాన్లు పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొడితే కనిపిస్తాయి, వాటిని అమ్మేవాళ్ల చేతే కట్టించండి. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోపు అడగాలి. లేకపోతే బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ రాదు.

మంచాలు, బీరువాల గురించి రెండే మాటలు. పార్టికల్ బోర్డువి (చెక్కపొట్టు అదిమి చేసిన పలకలవి) ఒకసారి విప్పితే స్క్రూ రంధ్రాలు వదులైపోతాయి, రెండోసారి గట్టిగా నిలవవు. పరుపు కుట్ల దగ్గర నల్లుల కోసం చూడండి. లిఫ్టు కొలత మర్చిపోవద్దు.

డబ్బు విషయంలో నియమం ఒకటే: వస్తువు చూడకుండా రూపాయి కూడా పంపవద్దు. "ఆర్మీలో ఉన్నా, ట్రాన్స్‌ఫర్ అయింది, బండి కంటోన్మెంట్‌లో ఉంది, గేట్ పాస్‌కు మూడు వేలు పంపండి" అనే కథ ఏళ్లుగా నడుస్తోంది. గుర్తింపు కార్డు ఫోటో కూడా పంపుతారు, అది ఇంకెవరిదో అయి ఉంటుంది. "అడ్వాన్స్ వెనక్కిస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అన్నా అంతే సంగతి. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, పిన్ అడిగారంటే మీ డబ్బు పోతున్నట్టే. మోసపోయారని తెలియగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాలోకి దాటిపోకముందే ఆపే అవకాశం అప్పుడే ఎక్కువ.

డబ్బిచ్చాక వస్తువు పాడైందనుకోండి. అమ్మింది సొంతానికి వాడుకున్న మామూలు మనిషైతే ఆన్‌లైన్‌లో కొనేవాళ్ల రక్షణకు పెట్టిన 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నియమాలు అతనికి వర్తించవు. అవి క్రమం తప్పకుండా వ్యాపారం చేసేవాళ్లకే. అందుకే వ్యాపారి దగ్గర కొంటే బిల్లు, మామూలు మనిషి దగ్గర కొంటే సీరియల్ నంబరు, తేదీ, మొత్తం, ఇద్దరి సంతకాలతో ఒక తెల్లకాగితం తప్పనిసరి. డబ్బు యూపీఐలో పంపితే ఆ రికార్డూ ఉంటుంది.

ఇక ట్రాలీ ఆటో మాట్లాడేటప్పుడు ఏ అంతస్తు నుంచి ఏ అంతస్తుకో ముందే చెప్పండి, లేకపోతే మెట్ల దగ్గర గొడవ. ఫ్రంట్ లోడ్ మెషీన్‌కు ట్రాన్సిట్ బోల్టులు (డ్రమ్ము ఊగకుండా వెనక బిగించేవి) పెట్టకుండా కదిలిస్తే డ్రమ్మును మోసే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు దెబ్బతినొచ్చు. ఫ్రిజ్‌ను నిలబెట్టే తేవాలి. తప్పక పడుకోబెట్టాల్సి వస్తే, ఇంటికొచ్చాక నిలబెట్టి కనీసం నాలుగు గంటలు ఆగి ప్లగ్ పెట్టండి. కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి జారి ఉంటుంది, అది వెనక్కి దిగాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.