సందుగలోని ముక్కలతో బొంత పైబట్ట

శ్రోతలకు నమస్కారం.

ఒడిబియ్యంలో పెట్టిన రైక ముక్కలు, లంగాలు కుట్టగా మిగిలిన గుడ్డ, కట్టడం మానేసిన నూలు చీరలు ఏ ఇంట్లో చూసినా సందుగ అడుగున ఒక మూట ఉంటాయి. ఆ మూటలోంచే ఒక మనిషి నిండుగా కప్పుకునే బొంతకు పైబట్ట ఎలా అతకాలో ఈరోజు చూద్దాం. లోపలి పొరల సంగతి, పైన వేసే కుట్ల సంగతి ఇప్పుడు ఎత్తుకోవడం లేదు. కొన్ని కొలతలు రాసుకోవాల్సి ఉంటుంది, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

మూట విప్పగానే అందరూ రంగులు చూస్తారు. ఎరుపు పక్కన పసుపు బాగుంటుందా, నీలం బాగుంటుందా అని. దానికి ఇంకా టైముంది. ముందు చూడాల్సింది బట్ట మందం. రైకలు కుట్టే పలచటి రూబియా ముక్కను మందపాటి పరుపు దుప్పటి ముక్కకు అతికితే మొదటి ఏడాది బాగానే ఉంటుంది. ఉతికినప్పుడల్లా మందపు గుడ్డ లాగుతుంది, పలచటిది కుట్టు పక్కనే చిరుగుతుంది. కుట్టు చెక్కుచెదరదు, దాని పక్కన గుడ్డ పోతుంది. అందుకే మూటను మూడు కుప్పలు చేయండి: రైక గుడ్డలాంటి పలచటివి, చీర నూలు లాంటివి, దుప్పట్లు, కర్టెన్ల లాంటి మందపువి. ఒక బొంతకు ఒకే కుప్పలోవి వాడండి. పక్కపక్క కుప్పలు రెండు కలిస్తే పెద్ద నష్టం లేదు. మొదటిదీ మూడోదీ మాత్రం కలపొద్దు.

తర్వాత నూలా, పాలిస్టరా తేల్చుకోవాలి. శుభకార్యాల్లో పెట్టుబడికి, అంటే కానుకగా, ఇచ్చే రైక ముక్కల్లో పాలిస్టర్ కలిసినవే ఎక్కువ. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టరైతే ముడుచుకుపోయి చివర నల్లటి గట్టి గుండు మిగులుతుంది. రెండూ కలిసిన గుడ్డలో బూడిదా, గట్టి పలుకులూ రెండూ కనిపిస్తాయి. నూలు ముడుచుకుంటుంది, మీటరుకు మూడు నాలుగు సెంటీమీటర్లు తగ్గడం మామూలే. పాలిస్టర్ దాదాపు ముడుచుకోదు. ఆ రెండింటినీ పక్కపక్కన కుడితే ఉతికాక పాలిస్టర్ ముక్క బుడగలా ఉబ్బుతుంది.

పాత చీరను వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. కూర్చున్న చోట, కుచ్చిళ్లు రాసుకున్న చోట నేత పలచబడి ఉంటుంది. రెండు బొటనవేళ్లతో గట్టిగా లాగినప్పుడు చిట్లిందంటే అది పైబట్టకు పనికిరాదు, లోపలి పొరకు వాడుకోండి. కొంగు, లోపలి చెరగు సాధారణంగా గట్టిగానే ఉంటాయి.

గద్వాల చీర మీద ఆశ పడేవాళ్లకు ఒక మాట. దాని ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ ఒకేలా ముడుచుకోవు, జరీ పోగులు పక్క గుడ్డను రాపాడతాయి. అంచును విడదీసి పక్కన పెట్టి, ఒళ్లు మాత్రమే కోయండి. పోచంపల్లి, కొయ్యలగూడెం నూలు గుడ్డలైతే ఈ పనికి అద్భుతం. నూలుకే రంగు వేసి నేస్తారు కాబట్టి రెండు వైపులా ఒకే రంగు ఉంటుంది, తిరగేసి కుట్టామన్న బాధ లేదు. డిజైన్ అంచులు కాస్త అలుక్కుపోయినట్టు ఉంటాయి కనుక అతుకు కాస్త అటూ ఇటూ అయినా పట్టుబడదు. ఇక పుట్టపాక తేలియా రుమాలు పాతది ఎవరింట్లోనైనా ఉంటే, దయచేసి కత్తెర దాని దగ్గరకు తేవద్దు.

ఏరినవన్నీ కోయకముందే ఉతకాలి. ముదురు ఎరుపు, నలుపు, ముదురు నీలం విడివిడిగా. తడి గుడ్డ మీద తెల్లటి ముక్క పరిచి ఇస్త్రీ పెట్టె అదిమి చూడండి, రంగు అంటితే మళ్లీ ఉతకండి. మూడు ఉతుకుల తర్వాత కూడా అంటితే ఆ గుడ్డను వదిలేయడమే మంచిది. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని చాలామంది అంటారు గానీ, ఇప్పటి రంగులకు ఆ నమ్మకం పెట్టుకోవద్దు. మన బోరు నీళ్లలో సబ్బు సరిగా నురగ రాదు, గుడ్డలో ఉండిపోయి బిరుసెక్కిస్తుంది. ఇంకోసారి జాడించండి. ఆరబోసే ముందు పలచటి గంజి పెడితే కోసేటప్పుడు జారకుండా నిలుస్తుంది. గంజి పెట్టిన గుడ్డను మాత్రం నెలల తరబడి దాచకండి, పురుగు పడుతుంది.

ఇప్పుడు కొలతలు, రాసుకోండి. బొంత అరవై అంగుళాల వెడల్పు, తొంభై అంగుళాల పొడవు. కుట్టాక ఆరంగుళాలు ఉండే చదరాలు అడ్డంగా 10, నిలువుగా 15, మొత్తం 150. నాలుగు వైపులా పావు అంగుళం మార్జిన్ కావాలి కనుక ఆరున్నర అంగుళాలకు కోయాలి. 80 సెంటీమీటర్ల రైక ముక్క పన్నా, అంటే వెడల్పు, 36 అంగుళాలైతే అడ్డంగా 5, నిలువుగా 4, అంటే 20 చదరాలు వస్తాయి. ఎనిమిది రైక ముక్కలుంటే 160, పది మిగులుతాయి. ఆ పది ఉండాలి, ఎక్కడో ఒకటి రెండు పాడు కాక మానవు.

గట్టి అట్ట మీద ఆరున్నర అంగుళాల చదరం గీసి కోసుకోండి. దాని మూల నుంచి మూలకు కొలిస్తే రెండు వైపులా ఒకే కొలత రావాలి, లేకపోతే అట్టే వంకర. ప్రతి ముప్పై నలభై ముక్కలకు కొత్త అట్ట తీసుకోండి, సుద్ద గీసీ గీసీ అంచు అరిగి ముక్కలు చిన్నవవుతుంటాయి. మగ్గం అంచు గట్టిగా ఉంటుంది, దాన్ని తీసేయాలి. అట్టను గుడ్డ పొడవునా పోయే పడుగు పోగు వెంట నిలువుగా పెట్టాలి, ప్రింటు గీతను నమ్మొద్దు. ప్రింటు చాలాసార్లు పోగుకు ఏటవాలుగా పడి ఉంటుంది. అనుమానం వస్తే ఒక పోగు లాగేయండి, ఖాళీ పడిన గీతే సరైన దారి. క్రాస్‌గా, అంటే పోగుకు ఏటవాలుగా, కోసిన ముక్క చేతిలోనే సాగుతుంది.

ముక్కలన్నీ నేల మీద పరిచి చూడండి. ముందు ఫ్యాన్ ఆపండి! కళ్లు సగం మూస్తే రంగులు పోయి వెలుగూ నీడా మాత్రమే కనబడతాయి, ఎక్కడ నలుపంతా గుంపైందో అప్పుడే తెలుస్తుంది. ఫోన్‌లో ఫొటో తీసుకున్నా అదే పని జరుగుతుంది. నచ్చిన వరసలో ఎడమ నుంచి కుడికి ఎత్తి, వరసకు ఒక కాగితం చీటీ గుచ్చి పెట్టుకోండి.

కుట్టులో అసలు కిటుకు పావు అంగుళమే. మిషన్ పాదం అంచును నమ్మి కుడితే చాలా మిషన్లలో మార్జిన్ ఎక్కువ పోతుంది. సూది దిగే చోటి నుంచి స్కేలుతో పావు అంగుళం కొలిచి, ప్లేటు మీద ఇన్సులేషన్ టేపు రెండు మూడు పొరలు అంటించండి. గుడ్డ అంచు దానికి తగులుతూ పోవాలి. ముందు మూడు ముక్కలు కుట్టి ఇస్త్రీ చేసి మధ్య ముక్క కొలవండి, సరిగ్గా ఆరంగుళాలు ఉండాలి. పావులో సగం ఎక్కువ పోయిందనుకోండి, ఒక్కో అతుకుకు రెండు ముక్కలదీ కలిపి పావు అంగుళం పోతుంది. వరసలో తొమ్మిది అతుకులు, రెండుంపావు అంగుళాలు మాయం. తర్వాతి వరస సరిగ్గా కుడితే రెండూ కలవవు. సరైన వరస అరవైన్నర అంగుళాలు వస్తుంది, ప్రతి వరసనూ కొలవండి.

రూబియాకు 11 నంబరు సూది, చీర నూలుకు 14. అంగుళానికి పది పన్నెండు కుట్లు చాలు. దారం బూడిద రంగుదైతే ఏ గుడ్డలోనైనా కలిసిపోతుంది. అతుకును విప్పి రెండు వైపులా పరచకుండా, రెండు మార్జిన్లనూ ఒకే పక్కకు మడిచి ఇస్త్రీ చేయండి. ఒకటో వరసలో అన్నీ కుడికి, రెండో వరసలో అన్నీ ఎడమకు, అలా మార్చుకుంటూ పోవాలి. అప్పుడు వరసలు కలిపేటప్పుడు మార్జిన్లు ఒకదానికొకటి ఆనుకుని, మూలలు వాటంతటవే కలుస్తాయి, అతుకు దగ్గర గుట్టలా లేవదు. ఇస్త్రీ పెట్టెను లాగొద్దు, ఎత్తి పెట్టండి. లాగితే ముక్క సాగుతుంది. వరసలను రెండేసి జతలు చేసి, జతలను జతలకు కలపండి. ఒకదాని తర్వాత ఒకటి చేరుస్తూ పోతే పదో వరసకల్లా బరువంతా బల్ల మీద నుంచి వేలాడి కుట్టును లాగుతుంది.

టైలర్ దగ్గర దొరికే సన్నటి పేలికలకు చదరాలు రావు. వాటికి ఇంకో పద్ధతి ఉంది. పాత మెత్తటి నూలు గుడ్డను ఏడు అంగుళాల చదరంగా కోసి, దాని మీద పేలికలను మూల నుంచి మూలకు పక్కపక్కన కుట్టి, ప్రతి కుట్టుకూ తిప్పి ఇస్త్రీ చేసి, చివర అట్ట పెట్టి ఆరున్నరకు కోయండి. కింద గుడ్డ పట్టి ఉంచుతుంది కాబట్టి క్రాస్ పేలికలైనా సాగవు. అంగుళం కన్నా సన్నవి వదిలేయండి, రెండు మార్జిన్లు పోతే కనిపించేది అర అంగుళం కూడా మిగలదు. అడుగు గుడ్డతో ఈ చదరాలు బరువెక్కుతాయి, కాబట్టి బొంత మొత్తం వీటితోనే కుట్టాలి.

పక్క బార్డరు వేయాలనుకుంటే ముందు పైబట్టను మధ్యలో కొలవండి, అంచుల దగ్గర కాదు. అంచులు సాగి ఉంటాయి. ఆ కొలతకే బార్డరు కోసి, మధ్యన, చివర్లలో గుండుసూదులు గుచ్చి, తర్వాత కుట్టండి. పొడవాటి గుడ్డ పెట్టి కుట్టుకుంటూ పోయి చివర మిగిలింది కోసేస్తే అంచు అలలు అలలుగా లేస్తుంది. ఇస్త్రీతో అది పోదు, విప్పాల్సిందే. అంతా అయ్యాక చుట్టూరా, అంచుకు పావులో సగం దూరంలో ఒక కుట్టు వేస్తే చివరి అతుకులు విడవవు. వెనక తేలిన దారాలు కత్తిరించండి, తెల్ల గుడ్డ వెనక నల్లదారం ఉంటే పైకి గీతలా కనిపిస్తుంది. కింద పరిచే చీరల పొరలు మాత్రం నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువే ఉంచుకోండి, కుట్లు పడేకొద్దీ లోపలికి లాక్కుంటాయి.

నమస్కారం.