పదేళ్ల మాట ఎవరిచ్చారు?

అందరికీ నమస్కారం. భోజనాల ముందు మాట్లాడమన్నారు కాబట్టి త్వరగానే వదిలేస్తాను.

స్టోరేజ్ క్లస్టర్‌కి, అంటే డేటా దాచడానికి కలిపి నడిపే సర్వర్ల గుంపుకి, ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామంటే ‘ఎక్కువకాలం సపోర్ట్ ఉన్నదేదో అది’ అని ఠక్కున చెప్పేస్తాం. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. సెంటాస్ 8 అనే ఉచిత లినక్స్ ఓఎస్ సంగతి గుర్తుందా? 2019 సెప్టెంబరులో వచ్చింది, 2029 దాకా ఢోకా లేదనుకున్నారు. 2020 డిసెంబరు 8న ప్రకటన: 2021 ఆఖరుతో సపోర్ట్ సరి. తమాషా ఏమిటంటే 2014 నాటి సెంటాస్ 7 మాత్రం 2024 జూన్ 30 దాకా నిక్షేపంగా బతికింది. అన్న ఉండగానే తమ్ముడు పోయాడు. అంచేత పదేళ్లు అన్న అంకె ఒక్కటే చూడకండి. ఆ మాట ఎవరిచ్చారు, డబ్బు తీసుకుని ఇచ్చారా, ఊరికే ఇచ్చారా అన్నదీ చూడండి. డెబియన్ 12 అనే మరో లినక్స్‌కి ఎల్‌టీఎస్ (పొడిగించిన సపోర్ట్) కలిపినా 2028 జూన్ వరకే. ఉబుంటు 24.04కి మామూలుగా ఐదేళ్లు, ప్రో అనే సబ్‌స్క్రిప్షన్ తీసుకుంటే పదేళ్లు. నాకైతే తక్కువ చెప్పి నిలబెట్టుకునేవాళ్లంటేనే గురి.

రెండోది మన పెట్టెల వయసు. స్టోరేజ్ సర్వర్లని ఎవరూ మూడేళ్లకి పారెయ్యరు, డిస్కులు మార్చుకుంటూ లాగుతాం. డిస్కుల్ని సర్వర్‌కి కలిపే పాత ఎల్‌ఎస్‌ఐ శాస్ 2008 కార్డులు మీలో చాలామంది దగ్గర ఉండే ఉంటాయి. రెడ్ హ్యాట్ కంపెనీ తన లినక్స్ 8వ వెర్షన్ నుంచి వాటికి సపోర్ట్ తీసేసింది. పెట్టెలో పన్నెండు డిస్కులు గిర్రున తిరుగుతుంటాయి, ఇన్‌స్టాలర్‌లో మాత్రం బూట్ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే కనిపిస్తుంది. కేబుల్ పీకి పెట్టి, పీకి పెట్టి, సగం రోజు గడిచిపోతుంది! రెడ్ హ్యాట్‌కి సరిపోయేలా ఉచితంగా ఇచ్చే ఆల్మాలినక్స్ వాళ్లు 9.4 వెర్షన్‌లో అలాంటి పాత కార్డులు కొన్నిటికి మళ్లీ ప్రాణం పోశారు. ఇక రెడ్ హ్యాట్ 10కి ఏవీఎక్స్2 (పాత ప్రాసెసర్లలో ఉండని ఆదేశాల సెట్) లేని ప్రాసెసర్ పనికిరాదు. అందుకే కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ ఫైలు ఐఎస్ఓని ముందు మీ దగ్గరున్న అతి ముసలి యంత్రం మీద బూట్ చేసి చూడండి.

ఇక సెఫ్, అంటే ఈ సర్వర్ల డిస్కులన్నిటినీ కలిపి ఒకే స్టోరేజ్‌గా నడిపే సాఫ్ట్‌వేర్. దాని ఒక్కో వెర్షన్ ఆయుష్షు సుమారు రెండేళ్లు. ఓఎస్ ఒకటే ఉండగా సెఫ్ నాలుగైదు సార్లు మారుతుంది. సెఫ్‌ని ఓఎస్ ప్యాకేజీలుగా వేసి రెండిటికీ ముడివేస్తే ఒకదాన్ని కదిపితే రెండోదీ కదులుతుంది. 2020లో ఆక్టోపస్ అనే సెఫ్ వెర్షన్‌తో సెఫ్‌ఏడీఎం అనే నిర్వహణ పనిముట్టు వచ్చాక డీమన్లన్నీ (వెనక నడిచే సెఫ్ ప్రోగ్రాములు) కంటైనర్లలోకి, అంటే ఓఎస్‌తో ముడిపడని విడి డబ్బాల్లోకి, వెళ్లాయి. ఓఎస్‌లో కెర్నల్, కంటైనర్లు నడిపే పాడ్‌మ్యాన్, డిస్కుల్లో జాగా పంచే ఎల్‌వీఎం, టైమ్ సరిచూసే క్రోనీ లాంటివి ఉంటే చాలు. అక్కడికి ఓఎస్ మార్చడం గోడకి సున్నం కొట్టినంత పని. గోడ పడగొట్టక్కర్లేదు.

నమ్మకం లేకపోతే ఒక నోడ్ (క్లస్టర్‌లోని ఒక సర్వర్) చెరిపి చూడండి. డేటా వేరే డిస్కుల్లో ఉంటుంది, ఓఎస్ డిస్కు ఒక్కటే ఫార్మాట్ చేస్తాం. వెనక్కి తెచ్చాక యాక్టివేట్ చేస్తే ఓఎస్‌డీలు (ఒక్కో డిస్కుని చూసుకునే సెఫ్ డీమన్లు) వాటంతటవే లేచొస్తాయి. మొదటిసారి నేను చేసినప్పుడు నోఅవుట్, అంటే కనబడని ఓఎస్‌డీని లెక్కలోంచి తీసెయ్యొద్దని చెప్పే సెట్టింగ్, పెట్టడం మర్చిపోయాను. మామూలు సెట్టింగ్‌లో 600 సెకన్లు దాటితే కనబడని ఓఎస్‌డీ ఇక లేదనుకుని క్లస్టర్ డేటా సర్దుకోవడం మొదలెడుతుంది. నేను క్యాంటీన్‌లో టీ తాగి వచ్చేసరికి మిగతా నోడ్ల డిస్కు లైట్లన్నీ తిరునాళ్లలా మిణుకుమంటున్నాయి. పోయిందేమీ లేదు, రాత్రంతా నెట్‌వర్క్ మాత్రం ఈడుస్తూనే ఉంది.

ఇప్పుడు మా రాక్ తలుపు మీద స్కెచ్ పెన్‌తో ‘ముందు నోఅవుట్, తర్వాతే టీ’ అని రాసి ఉంటుంది. రాసింది నేను కాదు, మా కుర్రాళ్లు.