రిచర్డ్ రైట్ ‘వెట్ డ్రీమ్’ కొత్త మిక్స్ రివ్యూ: పింక్ ఫ్లాయిడ్‌కి శ్రుతి పట్టిన మనిషి

నమస్తే అండీ. ఈసారి నా టేబుల్ మీద ఉన్నది బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ కీబోర్డ్ ప్లేయర్ రిచర్డ్ రైట్ 1978లో చేసిన మొదటి సోలో ఆల్బమ్, ‘వెట్ డ్రీమ్’. ఇంగ్లండ్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ దీన్ని కొత్తగా మిక్స్ చేశారు, అంటే పాత రికార్డింగ్‌లోని వాద్యాలు, గొంతుల పాళ్లు మళ్లీ సరిచేశారు. 2023 జులై 28న మళ్లీ విడుదలైంది. రైట్ బతికి ఉంటే ఆ రోజుకు 80 ఏళ్లు నిండేవి, అందుకే ఆ తేదీ. ఈ ఎల్‌పీ నేను కొనలేదు. రికార్డులు తెప్పించి అమ్మే ఒకాయన రివ్యూ చేయమని ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, ఇలా చెప్పండి అని కూడా అడగలేదు. ఈ విషయం మీకు ముందే తెలియాలి కాబట్టి చెబుతున్నాను. పార్సిల్ వచ్చేసరికి అట్ట ఒక మూల మడత పడి ఉంది. రికార్డుకి మాత్రం ఏమీ కాలేదు.

ఏయే ఫార్మాట్లలో వచ్చింది, బ్లూరేలో ఏముంది, ఇవన్నీ మీరు ఇప్పటికే ఎక్కడో చూసే ఉంటారు. పది ట్రాకులు. అందులో ఆరింటికి మాటల్లేవు, వాయిద్యమే. నేను ఈ రోజు ఎక్కువసేపు మాట్లాడబోయేది కీబోర్డ్ గురించి. ఈ బ్యాండ్ గురించి ఎవరు మాట్లాడినా గిటార్ దగ్గర మొదలుపెట్టి సాహిత్యం దగ్గర ఆపేస్తారు. పాతికేళ్లుగా వింటున్నాను కాబట్టి నాకు ఇది మనసులో ముల్లులా ఉంది.

ముందు ఒక్క స్వరం గురించి చెప్పాలి. 1971లో పింక్ ఫ్లాయిడ్ ‘మెడిల్’ అనే ఆల్బమ్ వచ్చింది. దాని రెండో వైపు మొత్తం ఒకటే పాట, ‘ఎకోస్’, 23 నిమిషాలు. అది ‘టింగ్’ అనే ఒక చిన్న శబ్దంతో మొదలవుతుంది. ఖాళీ ఇత్తడి బిందెలో నీటి చుక్క పడ్డట్టు ఉంటుంది. రైట్ పియానో మీద పై స్థాయిలో ఒక స్వరం నొక్కి, ఆ శబ్దాన్ని లెస్లీ స్పీకర్ గుండా పంపారు. లెస్లీ అంటే లోపల హారన్ గిరగిరా తిరిగే స్పీకర్. మామూలుగా హామండ్ ఆర్గన్‌కి తగిలిస్తారు. హారన్ మన వైపు తిరిగినప్పుడు శబ్దం దగ్గరకొస్తుంది, అటు తిరిగినప్పుడు దూరం జరుగుతుంది. అందుకే అది ఒక్క స్వరమే అయినా వణుకుతూ, ఊపిరి తీసుకుంటున్నట్టు వినిపిస్తుంది. ఆ 23 నిమిషాల పాట అంతా ఆ ‘టింగ్’ మీద నిలబడి ఉంది. అందులో పాడింది కూడా గిటారిస్ట్ డేవిడ్ గిల్మోర్ ఒక్కరే కాదు, రైట్ గొంతు ఆయన గొంతుతో కలిసిపోయి ఉంటుంది. రెండు గొంతులని నాకు చాలా ఏళ్లు తెలియలేదు.

నేను పింక్ ఫ్లాయిడ్‌ని మొదట విన్నది వరంగల్‌లో ఇంజినీరింగ్ హాస్టల్లో. ఒక సీనియర్ అన్న దగ్గర 90 నిమిషాల క్యాసెట్ ఉండేది. ఒక వైపు ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’, ఇంకో వైపు ‘విష్ యు వర్ హియర్’. నేను దాన్ని కాపీ చేసుకుని సెలవులకు ఇంటికి తీసుకెళ్లాను. మా అమ్మ కర్ణాటక సంగీతం నేర్చుకున్న మనిషి. ఇంగ్లీషు పాట ఒక్కటి కూడా వినేది కాదు. ఒక మధ్యాహ్నం ‘విష్ యు వర్ హియర్’లోని ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’ పెట్టుకుని పడుకున్నాను. మొదట్లో ఆ కీబోర్డ్ ఒకే తీగ లాగినట్టు నిలబడుతుంది కదా, గిటార్ ఇంకా రాదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. కాసేపు విని, “ఎవర్రా ఈయన, శ్రుతి భలే పట్టుకుని కూర్చున్నాడు” అంది.

ఆ రోజు నుంచి నాకు రైట్ అంటే అదే. కచేరీలో తంబూరా వెనక ఉంటుంది. దాని కోసం ఎవరూ టికెట్ కొనరు. కానీ అది ఆగిందంటే పాడే మనిషికి కాళ్ల కింద నేల ఉండదు. గిల్మోర్ ఒక స్వరాన్ని అంత సేపు సాగదీసి ఏడిపించగలిగారంటే, కింద ఆ నేల పరచి ఉంది కాబట్టే.

‘డార్క్ సైడ్’ గురించి కూడా రెండు మాటలు. 1973 మార్చి 1న వచ్చింది, అబ్బీ రోడ్ స్టూడియోలో తయారైంది. ఇంజినీర్ అలాన్ పార్సన్స్. అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాలను లెక్కించే బిల్‌బోర్డ్ చార్టులో 1973 నుంచి 1988 వరకు 741 వారాలు ఉంది. ఈ లెక్క అందరూ చెబుతారు. అందులో రైట్ చేసిన పనేమిటో చెప్పేవాళ్లు తక్కువ. ‘అస్ అండ్ దెమ్’ బాణీ ఆయనది. మొదట ‘జాబ్రిస్కీ పాయింట్’ అనే సినిమా కోసం పియానో మీద చేశారు. దర్శకుడు అంటోనియోని వద్దన్నారు. ఆ వద్దన్న బాణీ రెండు మూడేళ్లు పక్కన పడి ఉండి ఈ ఆల్బమ్‌లోకి వచ్చింది. ‘బ్రీత్’లో ఒక కార్డ్ (కలిపి నొక్కే స్వరాల గుంపు) దగ్గర పాట మెత్తగా వంగుతుంది చూడండి, అది జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ విని పట్టుకున్నానని రైట్ స్వయంగా చెప్పారు.

‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ కూడా ఆయన పియానోయే. దాని మీద క్లేర్ టోరీ అనే గాయని మాటల్లేకుండా గొంతెత్తి పాడారు. ఆదివారం సెషన్‌కి ఆమెకిచ్చింది 30 పౌండ్లు. పాట కూర్పులో తన భాగం కూడా ఉందని 2004లో ఆమె కోర్టుకు వెళ్లారు. 2005లో రాజీ కుదిరాక రైట్ పేరు పక్కన ఆమె పేరు వచ్చింది. రావాల్సిందే. ఆ గొంతు లేకపోతే ఆ పాట ఎలా ఉంటుందో ఊహించలేం.

ఇక్కడ ఒక చికాకు చెప్పాలి. ఆ పాటతో ఎల్‌పీ మొదటి వైపు అయిపోతుంది. సూది పైకి లేస్తుంది. మీరు లేచి వెళ్లి రికార్డు తిప్పాలి. ఆ అర నిమిషం నిశ్శబ్దం తర్వాతే ‘మనీ’ నాణేల శబ్దం రావాలి. ఫోన్‌లో అది వెంటనే గణగణమని మొదలైపోతుంది. సరే, అది పోనీ. ‘ఆన్ ద రన్’కీ ‘టైమ్’కీ మధ్య, ‘బ్రెయిన్ డ్యామేజ్’కీ ‘ఎక్లిప్స్’కీ మధ్య అసలు ఖాళీ ఉండకూడదు. నా పాత ఫోన్‌లో ఉన్న యాప్ సరిగ్గా అక్కడే చిన్న గ్యాప్ ఇచ్చేది. ‘ఎక్లిప్స్’కి ముందు ఆ గ్యాప్ వచ్చిన ప్రతిసారీ నాకు భోజనం మధ్యలో విస్తరి లాగేసినట్టు ఉండేది. మీ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి గ్యాప్ లేకుండా ప్లే చేసే ఆప్షన్ ఉందేమో చూసుకోండి. ఉంటే ఈ రోజే ఆన్ చేయండి.

ఇప్పుడు ‘వెట్ డ్రీమ్’కి వద్దాం. ఇది ఏ సమయంలో వచ్చిందో తెలిస్తేనే దీని బాధ అర్థమవుతుంది. 1975లో ‘విష్ యు వర్ హియర్’. ‘షైన్ ఆన్’ చివరి భాగం రైట్ ఒక్కరి పేరు మీదే ఉంది. ఆ భాగం ముగుస్తుండగా మినీమూగ్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డ్ మీద ‘సీ ఎమిలీ ప్లే’ చరణం చిన్నగా వాయించి వదిలేస్తారు. అది బ్యాండ్‌ని మొదట నడిపిన సిడ్ బారెట్ పాట. బారెట్ మతి చెదిరి బ్యాండ్‌కి దూరమయ్యాక కూడా, 1970లో ఆయన రెండో సోలో ఆల్బమ్‌ని గిల్మోర్‌తో కలిసి నిలబెట్టింది రైటే. ఆ స్నేహం తెలిసి ఆ నాలుగు స్వరాలు వింటే గొంతు పట్టేస్తుంది.

1977లో ‘యానిమల్స్’. అందులో రచయితగా రైట్ పేరు ఒక్క పాటకూ లేదు. ‘షీప్’ మొదట్లో ఆ ఎలక్ట్రిక్ పియానో మెల్లగా నడుస్తుంది కదా, అది ఆయనదే, పేరు మాత్రం రాలేదు. 1979లో ‘ద వాల్’ తయారవుతుండగా ఆయన్ని బ్యాండ్ నుంచి బయటకు పంపేశారు. ఆ తర్వాత కచేరీలకు జీతం మీద వాయించారు. ఆ భారీ ప్రదర్శనలకు వచ్చిన నష్టం మిగతా ముగ్గురి మీద పడింది, జీతం కాబట్టి ఆయనకొక్కరికే డబ్బు మిగిలింది.

‘యానిమల్స్’కీ ‘ద వాల్’కీ మధ్యలో, 1978 మొదట్లో, ఫ్రాన్స్‌లో నీస్ దగ్గర సూపర్ బేర్ స్టూడియోలో ‘వెట్ డ్రీమ్’ రికార్డ్ చేశారు. గిటార్ స్నోవీ వైట్, సాక్సోఫోన్ మెల్ కాలిన్స్, బేస్ లారీ స్టీల్, డ్రమ్స్ రెగ్ ఇసిడోర్. పాటల పేర్లు చూడండి: ‘వేవ్స్’, ‘హాలిడే’, ‘క్యాట్ క్రూజ్’, మొదటిదేమో ‘మెడిటరేనియన్ సి’. సి అనేది స్వరం పేరు, పలికితే సముద్రం అని కూడా వినిపిస్తుంది. ఆయనకు పడవ నడపడం ప్రాణం. అన్నీ ఒడ్డు నుంచి దూరంగా వెళ్లిపోయే పాటలు. కోపం ఎక్కడా లేదు. ఏడాదిలో తనను పంపేయబోయే బ్యాండ్‌లో కూర్చున్న మనిషి, ఒక్క పరుష వాక్యం లేకుండా నీళ్ల మీదికి వెళ్లి కూర్చున్నట్టు ఉంటుంది.

కొత్త మిక్స్ ఎలా ఉంది? నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత సీడీ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి నాలుగు రాత్రులు విన్నాను. పాతదానిలో సాక్సోఫోన్, గిటార్ ముందు నిలబడి, కీబోర్డ్ వెనక గోడకు ఆనుకున్నట్టు నాకు అనిపించేది. తన సొంత ఆల్బమ్‌లో కూడా ఆయన వెనకే! ఇప్పుడు ఆ పొరలు విడివిడిగా వినిపిస్తున్నాయి. ‘మెడిటరేనియన్ సి’లో పియానో మీద వేలు పడిన బరువు తెలుస్తోంది. ‘సమ్మర్ ఎలిజీ’లో గొంతు దగ్గరకొచ్చింది. గొప్ప గొంతేమీ కాదు, సన్నగా, కాస్త సిగ్గుపడుతున్నట్టు ఉంటుంది. ఆ పాటకు అలాంటి గొంతే కావాలి. ‘పింక్స్ సాంగ్’ నేను రాత్రి లైట్ ఆపి విన్నాను. రెండోసారి వెంటనే పెట్టలేకపోయాను.

నచ్చనివి కూడా ఉన్నాయి. చివరి ‘ఫంకీ డ్యూ’ ఆ కాలపు స్టూడియో కాలక్షేపంలా ఉంటుంది. ‘డ్రాప్ ఇన్ ఫ్రమ్ ద టాప్’లో గిటార్ బాగానే ఉన్నా, రైట్ మళ్లీ అతిథికి కుర్చీ ఇచ్చి తాను నిలబడిపోయారు. మిక్స్ ఎంత మార్చినా అది మారదు.

మిగతా సభ్యుల సోలోలతో పోలిస్తే? గిల్మోర్ మొదటి సోలో కూడా అదే 1978లో వచ్చింది, చేసింది అదే స్టూడియోలో. గిటార్ ఇష్టమైతే అది తీసుకోండి. అప్పుడు వాడకుండా మిగిలిన ఒక బాణీయే తర్వాత ‘ద వాల్’లోని ‘కంఫర్టబ్లీ నంబ్’ అయింది. బ్యాండ్‌లో బేస్ వాయించి, పాటలు రాసిన రోజర్ వాటర్స్ సోలోల్లో 1992 నాటి ‘అమ్యూజ్డ్ టు డెత్’ నాకు ఇష్టం, జెఫ్ బెక్ గిటార్ కోసమైనా వినాలి. డ్రమ్మర్ నిక్ మేసన్ 1981 ఆల్బమ్ ఆయన పేరు మీద ఉంది కానీ పాటలన్నీ కార్లా బ్లే రాసినవి. రైట్‌దే 1996లో ‘బ్రోకెన్ చైనా’ కూడా ఉంది. భార్య పడిన డిప్రెషన్ గురించిన ఆల్బమ్ అది. రెండు పాటలు షినేడ్ ఓకానర్ పాడారు. దానికి వేరే వీడియో చేయాలి, ఇందులో ఇరికించను.

ఒక విషయంలో మాత్రం నా కోపం దాచుకోను. ‘వెట్ డ్రీమ్’ మళ్లీ వచ్చిన 2023లోనే, అక్టోబర్‌లో, వాటర్స్ ‘డార్క్ సైడ్’ని కొత్తగా రికార్డ్ చేసి ‘రెడక్స్’ అని విడుదల చేశారు. ‘గ్రేట్ గిగ్’లో క్లేర్ టోరీ గొంతు ఉన్న చోట ఆయన మాటలు ఉన్నాయి. ఆయన సాహిత్యం అంటే నాకు గౌరవం. కానీ రైట్ ఆ పియానో మీద ఖాళీ వదిలింది ఒక గొంతు ఎగరడానికి. అక్కడ ఉపన్యాసం పెట్టడం నాకు నచ్చలేదు. ఒకసారి విన్నాను, మళ్లీ వినను.

కొనాలా వద్దా? పింక్ ఫ్లాయిడ్‌లో మీరు ఇంకా ‘డార్క్ సైడ్’, ‘విష్ యు వర్ హియర్’, ‘మెడిల్’ పూర్తిగా వినకపోతే ముందు అవి వినండి. అవి విని, ఆ వెనక నిలబడ్డ శబ్దం ఎవరిది అని మీకు ఎప్పుడైనా అనిపించి ఉంటే, ‘వెట్ డ్రీమ్’ తప్పకుండా తీసుకోండి. పాటల లెక్కన చూస్తే పదిలో ఆరే నిలుస్తాయి. నేను మాత్రం ఇది ఉచితంగా వచ్చినా ఇంకో కాపీ నా డబ్బులతో ఆర్డర్ పెట్టాను, అమ్మకి ఇవ్వడానికి.

ఈ వీడియో అయ్యాక ఒక పని చేయండి. 2006 ఆగస్టులో పోలండ్‌లోని గ్డాన్స్క్‌లో గిల్మోర్ చేసిన కచేరీలోని ‘ఎకోస్’ వెతికి వినండి. పక్కన కీబోర్డ్ మీద రైట్ ఉన్నారు. గిటార్ ఒక మాట అంటే కీబోర్డ్ బదులు చెబుతుంది. ఆ కచేరీ ఆల్బమ్ 2008 సెప్టెంబర్ 22న వచ్చింది. రైట్ సెప్టెంబర్ 15న, సరిగ్గా వారం ముందు, పోయారు. 2016లో గిల్మోర్ ఇటలీలోని పాంపేలో కచేరీ చేశారు. 1971లో ఈ బ్యాండ్ ‘ఎకోస్’ వాయించి చిత్రీకరించిన చోటు అది. అక్కడికి వెళ్లి కూడా ఆయన ‘ఎకోస్’ వాయించలేదు. రిక్ (రైట్) లేకుండా అది కుదరదని చెప్పారు.

విన్నాక ఎక్కడ ఆగిపోయారో కింద రాయండి. నేను రెండో వైపు పెడుతున్నాను.