గద్ద కింద ఏ ఊరుంది?

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో గ్రంథాలయ వారోత్సవాలంటే పెద్దవాళ్ల పుస్తకాల గురించి మాట్లాడేవాళ్లకి లోటుండదు. నేను బొమ్మలు వేసుకునేవాణ్ణి. పిల్లల బొమ్మల పుస్తకం గురించే మాట్లాడతాను, అందులోనూ ముఖ్యంగా గద్ద గురించి.

కిందటేడు ఒక బడిలో పిల్లలకి ఒక పుస్తకం చూపించాను. మంచుకొండలు, వాటి మీద తెల్లతల, పసుపు ముక్కు ఉన్న పెద్ద పక్షి. కింద 'గద్ద' అని అచ్చు. ఒక కుర్రాడు లేచి, "మన గెద్దకి తల తెల్లగా ఉండదు కదా మాస్టారూ" అన్నాడు. కళింగపట్నం వైపు పిల్ల ఒకతి ఊరుకోలేదు. "ఎందుకుండదు? మా రేవుకాడ ఉంటాది. చేపలు దించినప్పుడు వస్తాది" అంది.

ఇద్దరిదీ నిజమే. కుర్రాడు చూసింది ఊరి మీద తిరిగే నల్ల గద్దని, దాని తోక చివర చీలి ఉంటుంది. పిల్ల చూసింది గరుడపక్షిని. తల, రొమ్ము తెలుపు, రెక్కలు ఇటుక రంగు, తోక గుండ్రం. పుస్తకంలోది మాత్రం ఉత్తర అమెరికా పక్షి.

అయితే పక్షిని మారిస్తే చాలు కదా అన్నారొకరు. చాలదండీ. పొద్దున్నే గద్ద తాటిచెట్టు మీద ముడుచుకుని కూర్చుంటుంది. ఎండెక్కి నేల కాగితే వేడిగాలి పైకి లేస్తుంది. ఆ గాలి మీదే రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోతుంది. నేల లేకుండా ఆ ఎగరడం లేదు. మరి పైనుంచి దానికి ఏం కనిపించాలి? ఉద్దానం జీడితోటలు, కొబ్బరితోటలు, శాలిహుండం కొండ మీద ఇటుక స్తూపాల గుండ్రాలు, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధార. మనవైపు వాగుని గెడ్డ అంటాం కదా, నేను వేస్తున్న పుస్తకానికి 'గెడ్డ మీద గెద్ద' అని పేరు పెడదామనుకున్నాను. అచ్చుతప్పు అనుకుంటారని మానేశాను.

రెండు పేజీలకి కలిపి ఒకే బొమ్మ వేస్తే మధ్యలో మడత ఉంటుంది. నా మొదటి నమూనాలో గద్ద తల సరిగ్గా అందులో పడి మాయమైంది. పిల్లలు అది గాలిపటం అన్నారు! ఇప్పుడు మడతలోకి నదిని పంపిస్తున్నాను.

రాబందు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఇక్కడ వయసు మళ్లినవాళ్లు చాలామంది వాటిని చూసే ఉంటారు. పశువులకి నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలని పాడుచేసింది. 2006లో పశువైద్యంలో ఆ మందుని నిషేధించేసరికే దేశంలో చాలావరకు పోయాయి. ఆరేళ్ల పిల్లకి ఇదెలా గీసి చూపించాలి? ఆకాశంలో ఒక పక్షి ఆకారం మేరకు రంగు వెయ్యకుండా తెల్లకాగితం వదిలేశాను. ప్రెస్సులో చూసి, "ఇక్కడ ఇంకు పడలేదేంటండీ?" అని అడిగారు.

ఆ పేజీ ఇంకా తేలలేదు. మీ ఊళ్లో రాబందులు ఏ చెట్టు మీద వాలేవో గుర్తున్నవాళ్లు టీ దగ్గర నాకు చెప్పండి. చెట్టు ఉంటే వచ్చి గీసుకుంటాను.