చెన్నైకి రగ్బీ నిన్న మొన్న వచ్చింది కాదు

నమస్కారం అండీ. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటి సీజన్ జరిగింది, చెన్నై బుల్స్ కప్పు కొట్టింది. అప్పటి నుంచి ఏ చుట్టాలింటికి వెళ్లినా ఒకటే మాట: "మన చెన్నైకి రగ్బీ కూడా వచ్చేసిందే!" ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. రావడమేంటి? ఎప్పటి నుంచో ఉంది. టీవీలో కనిపించలేదు, అంతే. ఇన్నేళ్లూ దాన్ని బతికించింది క్లబ్బులు. ఈరోజు వాటి గురించే చెబుతాను.

ముందు కలకత్తా వెళ్లాలి. 1872 క్రిస్మస్ రోజున అక్కడి ఇంగ్లండ్ వాళ్లు ఒక జట్టు, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్లు కలిసి ఇంకో జట్టుగా రగ్బీ ఆడారు. జట్టుకు 20 మంది. ఆ ఊపులోనే 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ పెట్టారు. పేరులో ఫుట్‌బాల్ ఉన్నా ఆడింది రగ్బీయే. ఏడాది తిరిగేసరికి 137 మంది సభ్యులు. అలాంటి క్లబ్ నాలుగైదేళ్లకే ఎందుకు మూతపడింది? ఊళ్లో ఉన్న సైనిక పటాలం బదిలీ అయిపోయింది. క్లబ్బులో ఉచితంగా పోసే మందు ఆపేశారు. మిగిలినవాళ్లు పోలోకి, టెన్నిస్‌కి మళ్లారు. ఇక లాభం లేదని బ్యాంకులో ఉన్న వెండి రూపాయలు తీసి, కరిగించి, కప్పు చేయించారు. పిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. 1878లో దాన్ని ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కు ఇచ్చేశారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ 1879 నుంచి ఇప్పటికీ ఆడుతున్నది ఆ కలకత్తా కప్పు కోసమే.

డబ్బుంది, గ్రౌండ్ ఉంది, పలుకుబడి ఉంది. ఊరి కుర్రాళ్లు మాత్రం లేరు. వచ్చిపోయేవాళ్ల మీద ఆధారపడిన క్లబ్, వాళ్లు పోగానే పోయింది. ఇది మనసులో పెట్టుకుని చెన్నై చూడండి.

ఇక్కడ 1884లో మద్రాస్ జింఖానా క్లబ్ మొదలైంది. ఐలండ్ గ్రౌండ్స్ దగ్గర, కూవం నది పక్కన. ఈ ఊళ్లో రగ్బీ అంటే చాలాకాలం అదే చిరునామా. ఆల్ ఇండియా రగ్బీ టోర్నమెంట్ 1924లో మొదలైంది. స్వాతంత్ర్యానికి ముందు అందులో ఎక్కువగా బ్రిటిష్ పటాలాల జట్లదే పైచేయి. వాళ్లు వెళ్లిపోయాక ఆటను ఆపకుండా నడిపింది ఇలాంటి పాత క్లబ్బులే. పెద్దవాళ్ల క్లబ్బులని వీటిని తీసిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దేశమంతా క్రికెట్, హాకీ అంటున్న రోజుల్లో ఈ బంతిని పట్టుకుని నిలబడడం చిన్న విషయం కాదు. కాకపోతే ఆ గేటు దాటి లోపలికి అందరూ వెళ్లలేరు. అదీ నిజమే.

ఆ గేటు బయట క్లబ్బులు పుట్టడమే నా దృష్టిలో అసలు మలుపు. చెన్నైలో చెన్నై చీతాస్, బెంగళూరులో బెంగళూరు రగ్బీ ఫుట్‌బాల్ క్లబ్. మరి ఇలాంటి క్లబ్బులకు ఆటగాళ్లు ఎక్కడ దొరుకుతారు? కబడ్డీలో!

రైడర్ కూతకు వచ్చాడు. ఒకడు చీలమండ పట్టాడు, ఇంకొకడు నడుం పట్టాడు. రగ్బీలో బంతి ఉన్నవాణ్ని పట్టి కింద పడేయడాన్ని ట్యాకిల్ అంటారు. అందులో సగం పాఠం అక్కడే అయిపోయింది. మిగతా సగం ఏమిటంటే, తల ఎదుటివాడి తుంటికి వెనకపక్కన ఉండాలి, భుజం ఆనాలి, రెండు చేతులూ చుట్టుకోవాలి. భుజాలకు పైన పట్టినా పెనాల్టీ, చేతులు చుట్టకుండా గుద్దినా పెనాల్టీ. ఇన్ని నియమాలున్న ఆటను కుమ్ములాట అంటే నాకు నిజంగా బాధేస్తుంది. కబడ్డీని అలా అంటామా?

ఇప్పుడు తేడా చూడండి. కబడ్డీలో పట్టుబడ్డవాడు గీత అందేదాకా పాకుతాడు. రగ్బీలో పట్టు పడి కింద పడ్డాక బంతి వదిలేయాలి. కబడ్డీ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు ఇక్కడే ఇబ్బంది పడతాడు. కింద పడి కూడా బంతిని పొట్టకు అదుముకుని ముందుకు జరుగుతూనే ఉంటాడు, విజిల్ మోగుతుంది. కోచ్ వచ్చి ఒళ్లు తన జట్టు వైపు తిప్పించి, చేతులు చాపించి, బంతిని మట్టిలో పెట్టిస్తాడు. పది సార్లు, ఇరవై సార్లు. ఇంకోటి: రైడర్ ఒంటరిగా వెళ్లి ఒంటరిగా రావాలి. ఇక్కడ చేత్తో ఇచ్చే పాస్ ముందుకు పోకూడదు. అంటే వెనక పరిగెత్తుతూ వచ్చేవాడు లేకపోతే ఎంత గొప్ప రైడరైనా దొరికిపోతాడు.

టైం అయిపోవస్తోంది, మిగతాది గబగబా చెప్పేస్తా.

చిన్న క్లబ్బులకు సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురే ఆడే రగ్బీ, పెద్ద వరం. 15 మంది ఆటకు రెండు వైపులా కలిపి 30 మంది కావాలి, 40 నిమిషాల చొప్పున రెండు సగాలు. సెవెన్స్‌కు 14 మంది చాలు, సగం అంటే 7 నిమిషాలే. 2016లో సెవెన్స్ ఒలింపిక్స్‌లోకీ వచ్చింది. అమ్మాయిల సంగతి వేరే వీడియోలో వివరంగా చెప్పాలి. 2019 జూన్‌లో మన మహిళల జట్టు మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించింది, 15 మంది ఆటలో వాళ్ల తొలి గెలుపు. ఇక క్లబ్ మూతపడిన ఆ కలకత్తాలోనే 2004లో జంగిల్ క్రోస్ మొదలైంది. పేద పిల్లలకు ఆట నేర్పే క్లబ్ అది. 1870లలో ఆ క్లబ్బులో కనిపించని ఊరి కుర్రాళ్లు ఇప్పుడు గ్రౌండ్‌లో ఉన్నారన్నమాట.

తల్లిదండ్రులకు ఒక్కమాట. పిల్లల్ని చేర్చేముందు కోచ్‌ను రెండు అడగండి. ట్యాక్లింగ్ ఎప్పుడు మొదలుపెడతారు? తలకు దెబ్బ తగిలితే ఏం చేస్తారు? "ముందు టచ్ రగ్బీ (పట్టి పడేయకుండా చేత్తో తాకితే చాలనే ఆట) ఆడిస్తాం, తలకు తగిలిందన్న అనుమానం వస్తే ఆ రోజుకు ఆట బంద్" అంటే చేర్చండి. తడబడితే వేరే క్లబ్ చూసుకోండి. మౌత్‌గార్డ్ మాత్రం తప్పకుండా కొనండి. వేడినీళ్లలో వేసి మెత్తబడ్డాక కొరికితే పంటి వరసకు సరిపోయే రకం దొరుకుతుంది. ఎంతసేపు ఉంచాలో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, చూసి చేయండి.