చేపు ఎక్కడ మొదలవుతుంది?

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, వేదిక మీది పెద్దలకు, తల్లిపాల వారోత్సవాలకు నన్ను పిలిచిన మీ అందరికీ కృతజ్ఞతలు. తల్లిపాలలో పోషకాల గురించి మాట్లాడమన్నారు. అవన్నీ మీరు గోడ మీద చార్టుల్లో చక్కగా రాశారు, మళ్ళీ నేనెందుకు? ముప్పై ఏళ్ళు ఫిజియాలజీ చెప్పాను. అందులో ఒక పాఠం సగమే చెప్పాను. ఆ మిగతా సగం ఈరోజు చెప్తాను.

మీలో ఇంట్లో పాడి ఉన్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. అయితే చేపడం అంటే, పొదుగులోని పాలు చన్నుల్లోకి దిగడం, మీకు తెలుసు. మా అమ్మమ్మ ముందు దూడను వదిలేది. అది పొదుగును రెండు కుమ్ములు కుమ్మి చీకుతుంటే గేదె దాణా నములుతూ కళ్ళు సగం మూసేది, చన్నులు బిగిసేవి. అప్పుడు దూడను పక్కకు కట్టేసి, చెంబు మోకాళ్ళ మధ్య పెట్టుకుని పిండేది. అమ్మమ్మ ఊళ్ళో లేని రోజు మా పిన్ని కూర్చుంటే అదే గేదె, అదే దూడ, అర చెంబు కూడా వచ్చేది కాదు. పాలు పొదుగులోనే ఉన్నాయి, గేదె చేపలేదు, అంతే.

ఆ చేపు మొదలయ్యేది మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌లో. పాలను దించే హార్మోన్ ఆక్సిటోసిన్‌ను తయారుచేసే పెద్ద న్యూరాన్లు, అంటే నాడీకణాలు, అక్కడున్నాయి. బిడ్డ చీకుతున్న కబురు వెన్నుపాము మీదుగా వాటికి చేరుతుంది. ఎలుకల్లో అయితే అవన్నీ కూడబలుక్కున్నట్టు రెండు మూడు సెకన్లు దడదడా కొట్టుకుని, మళ్ళీ కొన్ని నిమిషాలు మామూలైపోతాయి. అలా కొట్టుకున్న కొద్ది సెకన్లకు పాలు దిగుతాయి, పిల్లలన్నీ ఒకేసారి ఒళ్ళు బిగబట్టి సాగుతాయి. అప్పుడు తల్లి ఎలుక నిద్రలో ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఆ న్యూరాన్లను లేపేది ముఖ్యంగా గ్లుటమేట్. హైపోథాలమస్ హార్మోన్ల వ్యవస్థలో పెద్ద ఉత్తేజక రసాయనం ఇదేనని వాన్ డెన్ పోల్ బృందం 1990లో చూపించింది. ఇక్కడిదాకా నేనూ చెప్పాను. మరి విడుదలైన గ్లుటమేట్‌ని ఎత్తేసేదెవరు? ఎక్కువగా న్యూరాన్ల మధ్య ఉండే గ్లియా కణాలే, వాటిలోనూ ఆస్ట్రోసైట్లనే రకం. లోపలికి లాక్కుని, గ్లుటమిన్‌గా మార్చి, తిరిగి న్యూరాన్‌కే అందిస్తాయి. 1856లో జర్మన్ వైద్యుడు విర్కో వీటికి పెట్టిన పేరుకు అర్థం నాడుల జిగురు. మేమూ జిగురనే చెప్పాం. న్యూరాన్లకు ఆసరా, ఒక మార్కు ప్రశ్న.

పాలిచ్చే తల్లి ఎలుకలో ఈ జిగురు పక్కకు జరుగుతుంది! న్యూరాన్ల మధ్య పలచటి తెరల్లా ఉండే ఆస్ట్రోసైట్ల కొమ్మలు వెనక్కి ముడుచుకుంటాయి, న్యూరాన్లు ఒకదానికొకటి ఆనుకుంటాయి. పిల్లలు పాలు మానేశాక ఆ తెరలు మళ్ళీ వచ్చేస్తాయి. ఫ్రాన్స్‌లోని బోర్డోలో థియోడోసిస్, పులాన్ ఏళ్ళ తరబడి దీన్నే చూశారు. 2001లో అక్కడే ఒలియే, పులాన్ బృందం తేల్చింది ఏమిటంటే, తెర జరిగితే గ్లుటమేట్ త్వరగా పోదు, చుట్టుపక్కలే ఉండిపోతుంది. అయితే న్యూరాన్ ఇంకా రెచ్చిపోతుందని అనుకుంటాం కదా? నేనూ అదే అనుకున్నా. కానీ ఆ మిగులు గ్లుటమేట్ దాన్ని వదిలిన నాడి కొసకే తగిలి, ఇక చాలని విడుదలను తగ్గిస్తుంది. ఇంకో సంగతి, ఎన్‌ఎండీఏ అనే, న్యూరాన్ మీద కబురందుకునే గ్రాహకం గ్లుటమేట్ ఒక్కటే తగిలితే తెరుచుకోదు, తోడు కావాలి. ఇక్కడ ఆ తోడు డి-సెరిన్ అనే అమినో ఆమ్లం, అది ఆస్ట్రోసైట్లిచ్చేదేనని 2006లో తేలింది. తెర దూరం జరిగితే ఆ తోడూ తగ్గుతుంది. అంటే న్యూరాన్ ఎంత కబురుకు కదలాలో నిర్ణయించడంలో జిగురుకూ మాట ఉంది.

ఇవన్నీ ఎలుకల్లో చూసినవి, తల్లి మెదడును అలా కోసి చూడలేం. గ్లుటమేట్ అనగానే టేస్టింగ్ సాల్ట్ సంగతి అడుగుతారు, ముందే చెప్తాను. 1969లో ఓల్నీ అనే అమెరికా పరిశోధకుడు పసి చిట్టెలుకలకు దాన్ని సూదితో ఎక్కిస్తే హైపోథాలమస్ కణాలు చచ్చిపోయాయి, అవి పెద్దయ్యాక లావెక్కాయి. అది సూది, అదీ పసికూనలకు. తిన్న గ్లుటమేట్‌లో చాలా భాగం పేగులే వాడేసుకుంటాయి. నూడుల్స్ ప్లేటుతో దాన్ని ముడిపెట్టకండి.

నా తొలి కాన్పు రెండో రోజు మంచం చుట్టూ పదిమంది చుట్టాలు. పాలు పడ్డాయా అని ఒకరి తర్వాత ఒకరు. డ్యూటీలో ఉన్నావిడ వచ్చి గట్టిగా పిండి చూసి, నీకు లేవమ్మా, డబ్బా పాలు తెప్పించుకో అని వెళ్ళిపోయింది. నేను ఫిజియాలజీ చదివినదాన్ని, అయినా నమ్మేశాను. ఏడ్చాను. టెన్షన్ పెరిగితే ఆక్సిటోసిన్ విడుదల తగ్గుతుందని పుస్తకంలో చదివే ఉన్నాను, ఆ మంచం మీద ఒక్క ముక్క గుర్తు రాలేదు. రాత్రి అందరూ వెళ్ళాక మా అమ్మ లైటు తీసేసి, పాపను పక్కలో వేసి, నువ్వు కళ్ళు మూసుకో అంది. నిద్రలో ఉన్న ఆ తల్లి ఎలుక గుర్తుందా? కాసేపటికి నాకూ చంకల దాకా జివ్వుమంది. పాప ఒకవైపు గుటకలు వేస్తుంటే రెండోవైపు జాకెట్ తడిసిపోయింది.

వెనక వరసలో అమ్మాయిలూ, మీకే చెప్తున్నా. నెల తిరక్కుండా మీరు పోస్ట్‌నేటల్ వార్డులో ఉంటారు. పాలు లేవు అని నోటితో అనేముందు ఆ పదిమందిని బయటికి పంపండి. లైటు తగ్గించండి. బిడ్డను రొమ్ముకు అందించి, తలుపు దగ్గరగా వేసి, అరగంట ఆగి అప్పుడు వెళ్ళి చూడండి.